మిల్టన్ కీన్స్‌లో మా జీపీ సర్జరీ (ఫ్యామిలీ డాక్టరు క్లినిక్): అయిదుకి నాలుగు స్టార్లు

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చే మనవాళ్లకి ముందు ఒక మాట. జీపీ దగ్గర పేరు రాయించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అడ్రస్ ప్రూఫ్ లేదని వెనక్కి పంపకూడదు కూడా. జ్వరం వచ్చేదాకా ఆగకుండా దిగిన వారంలోనే రాయించుకోండి.

ఇక్కడ పెద్ద తలనొప్పి ఫోన్. పొద్దున ఎనిమిదింటికి లైన్లు తెరిస్తే కాసేపటికే ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోతాయి. ఒక స్టార్ తగ్గించింది అందుకే. మా పెద్దపాపకి చెవిపోటు వచ్చినరోజు నాకు ఒకటే టెన్షన్. రిసెప్షన్ అమ్మాయే ఫార్మసీకి వెళ్లమంది. గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవిపోటు లాంటి ఏడు సమస్యలకి 2024 జనవరి నుంచి ఫార్మసిస్టే చూసి మందిస్తారు. పిల్లలకి మందులు ఉచితం. పెద్దవాళ్లకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, గర్భిణులకీ కాన్పయ్యాక ఏడాది వరకూ అదీ ఉండదు.

డాక్టరు లోపలికి పిలిచాక మాత్రం వంక పెట్టడానికేమీ లేదు. మా డాక్టరుగారిది నైజీరియా. చిన్నది పుట్టాక ఇంటికొచ్చి చూసిన మిడ్‌వైఫ్‌ది కేరళ. మా అమ్మ పక్కన లేని లోటు ఆవిడ చాలావరకు తీర్చింది. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బందిలో దాదాపు అయిదుగురిలో ఒకరు వేరే దేశపు పౌరులే.

ఓసారి వెయిటింగ్ హాల్లో ఒక పెద్దావిడ, బయటివాళ్లు ఎక్కువై తమకి అపాయింట్‌మెంట్లు దొరకట్లేదని నాతోనే అంది. ఆవిడ బాధ నిజమే. మా చుట్టూ కొత్త ఇళ్లు లేచాయి గానీ సర్జరీలో ఒక్క గదీ పెరగలేదు. అయితే మేం ఊరికే చూపించుకోవట్లేదు. వీసా మీద వచ్చేవాళ్లు ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడానికి కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పెద్దవాళ్లకి 1,035, పిల్లలకి 776 పౌండ్లు. మా ఇద్దరికీ పెద్దపాపకీ కలిపి మూడేళ్లకి 8,538 పౌండ్లు వీసాతోపాటే కట్టాం. ఆపైన నెలనెలా జీతంలోంచి కోసే ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ అందరిలాగే. ఇంత సొమ్ము తీసుకుని మా పేటకి ఇంకో డాక్టర్ని ఎందుకు ఇవ్వలేదని ఆవిడా నేనూ కలిసి అడగాల్సింది ప్రభుత్వాన్ని. యూరప్ నుంచి వచ్చినవాళ్లు వైద్యసేవల నుంచి తీసుకున్నదానికంటే డబ్బుగా, పనిగా ఇచ్చిందే ఎక్కువని ఆ ప్రభుత్వానికి సలహాలిచ్చే కమిటీయే 2018లో తేల్చింది. మొత్తమ్మీద ఇక్కడివాళ్ల జీతాలపై వాళ్ల రాక ప్రభావం కూడా స్వల్పమేనంది.

కానీ పెద్దవాళ్లని చూసుకునే కేర్ హోముల్లో జీతాల సంగతి నన్ను బాధపెడుతుంది. మా వీధిలో తెనాలి అమ్మాయి ఒకామె ఏజెంటుకు లక్షలు పోసి వచ్చింది. చెప్పినన్ని గంటల పని ఇవ్వకపోయినా నోరెత్తలేదు. స్పాన్సర్, అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకొకరిని వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి. ఇలా భయంతో పనిచేసేవాళ్లు ఉన్నచోట పక్కనే పనిచేసే ఇంగ్లిష్ ఆవిడకైనా జీతం ఎలా పెరుగుతుంది? 2025 జులైలో విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. అంతకంటే ముందు, ఉన్నవాళ్లకి స్వేచ్ఛగా ఉద్యోగం మారే హక్కు ఇవ్వాల్సింది.

ఎనిమిదింటికి ఫోన్ దొరక్కపోతే ఆన్‌లైన్ ఫారం నింపండి. 2025 అక్టోబర్ నుంచి పనివేళలంతా అది తెరిచే ఉంచాలి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి. దానికి ఛార్జీ ఏమీ ఉండదు.