పీజే హార్వీ: ‘రిడ్ ఆఫ్ మీ’ మేలా, ‘ఫోర్ ట్రాక్ డెమోస్’ మేలా?

1993లో ఇంగ్లండ్ రాక్ గాయని పీజే హార్వీ పేరు మీద రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. మే నెలలో ‘రిడ్ ఆఫ్ మీ’, అక్టోబర్‌లో ‘ఫోర్ ట్రాక్ డెమోస్’. రెండింటిలోనూ 14 పాటలే, అందులో ఎనిమిది పాటలు అటూ ఇటూ ఉన్నవే. మొదటిది ముగ్గురు కలిసి స్టూడియోలో వాయించింది. రెండోదాంట్లో ఉన్నవి ఆమె అంతకుముందే ఇంట్లో ఒక్కతే కూర్చుని క్యాసెట్ మీద రికార్డు చేసుకున్న నమూనాలు. అప్పటినుంచీ అభిమానుల మధ్య ఈ వాదన తెగడం లేదు. స్టూడియోలో రికార్డు చేసిన స్టీవ్ ఆల్బీనీ చేతిలో పడి పాటలు పాడయ్యాయి, అసలు సరుకు డెమోల్లోనే ఉంది అని గట్టిగా చెప్పేవాళ్లు చాలామంది. నా ఓటు మాత్రం స్టూడియో ఆల్బమ్‌కే. అలాగని డెమోలు తక్కువని కాదు, వాటిలో కొన్నిచోట్ల నిజంగానే ఇంకా బాగా కుదిరింది.

ముందు ఒక అపోహ సంగతి. ఆల్బీనీని కంపెనీవాళ్లు ఆమె నెత్తిన రుద్దారేమో అనిపించేలా కొందరు మాట్లాడతారు. అదేం కాదు, పిక్సీస్ బ్యాండ్ కోసం ఆయన రికార్డు చేసిన, 1988లో వచ్చిన ‘సర్ఫర్ రోజా’ ఆల్బమ్ లాంటి మోత తనకీ కావాలని హార్వీయే ఆయన్ని కోరుకుంది. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ నుంచి వచ్చిన ఆమె, డ్రమ్మర్ రాబ్ ఎల్లిస్, బేస్ వాయించే స్టీవ్ వాన్ 1992 డిసెంబర్‌లో అమెరికాలోని మినెసోటాకి వెళ్లి, కానన్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో ఉన్న పాకిడెర్మ్ స్టూడియోలో ఈ పని ముగించారు. మరో రెండు నెలలకే నిర్వాణా బ్యాండ్ అదే స్టూడియోలో అదే ఆల్బీనీతో ‘ఇన్ యుటెరో’ రికార్డు చేసింది. ఆల్బీనీకి ప్రొడ్యూసర్ అని పిలిపించుకోవడం ఇష్టం ఉండేది కాదు. బ్యాండ్ గదిలో ఎలా మోగుతుందో అలాగే టేపు మీదికి ఎక్కించడమే తన పని అనేవాడు, అందుకే వాయిద్యాలకి దగ్గరగానే కాక గదిలో దూరంగా కూడా మైకులు పెట్టేవాడు. డ్రమ్ము మీద దెబ్బ పడితే గోడలు కూడా వినిపిస్తాయి. దానికి మూల్యం గొంతు చెల్లించింది. గిటార్ల మధ్య హార్వీ గొంతు చాలాచోట్ల మునిగిపోతుంది, మాటలు చెవి పెట్టి వెతుక్కోవాలి. ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు ఎక్కువగా పట్టుకున్నదీ ఇదే.

ఆ ఫిర్యాదులో నిజం ఉంది. కానీ టైటిల్ పాట ఒక్కటి రెండు రూపాల్లోనూ పక్కపక్కన పెట్టి వినండి. ఆల్బమ్‌లో మొదలు ఎంత సన్నగా ఉంటుందంటే, అరచేత్తో తీగల్ని నొక్కిపట్టి వాయించే గిటార్, దాని వెనక గుసగుసకి కాస్త పైన ఉండే గొంతు, అంతే. వినబడట్లేదని చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదికి పోతుంది. దాదాపు రెండు నిమిషాలు అలా దగ్గరికి లాక్కుని, ఉన్నట్టుండి డ్రమ్ములు, బేస్, అరుపు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వెనకాల కీచుగొంతుతో తోడు పాడేది రాబ్ ఎల్లిస్, ఒక మగవాడు అంత సన్నటి గొంతుతో ఆమె కోరికని తిరిగి పాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో వాయిద్యాలన్నీ ఆగిపోయాక అదే వరసని హార్వీ ఒక్కతే గొంతు చీల్చుకుని అరుస్తుంది. ఆ నిశ్శబ్దానికీ ఈ మోతకీ మధ్య ఉన్న దూరమే పాట. మొదటినుంచీ గొంతు పైకి తెచ్చి, అంతా సమంగా సర్ది ఉంటే ఆ దెబ్బ పడేదే కాదు. డెమోలో రెండు గొంతులూ ఆమెవే, వింటుంటే ఒక మనిషి తనతో తనే పోట్లాడుతున్నట్టుంటుంది, అదీ భయపెడుతుంది. కానీ మీద విరుచుకుపడడానికి అక్కడ ముగ్గురి బలం లేదు.

డెమోల బలం వేరే. ఫోర్ ట్రాక్ మెషీన్ అంటే మామూలు క్యాసెట్ మీద నాలుగు వరసలు, ఒక దాంట్లో గిటార్, ఒక దాంట్లో గొంతు, ఇంకో దాంట్లో ఇంకో గొంతు, అయిపోయింది. ఇంకా కావాలంటే ఉన్నవాటిని కలిపి ఒకే వరసలోకి దించుకోవాలి, దించిన ప్రతిసారీ టేపు బుస పెరుగుతుంది, శబ్దం మసకబారుతుంది. అందుకని అక్కర్లేనిది పెట్టే వీలే ఉండదు. ‘లెగ్స్’ పాటలో ఆ ప్రేమ, ఆ బెదిరింపు డెమోలోనే చెవి పక్కకొచ్చి నిలబడతాయి, ఈ పాట వరకూ ఆల్బమ్ ఓడిపోయిందని ఒప్పుకుంటాను. ‘50 ఫుట్ క్వీనీ’ మాత్రం ఎల్లిస్ డ్రమ్ములు లేకుండా నాకు సగం పాటలాగే ఉంటుంది.

ఆల్బమ్ వైపు ఇంకో మాట చెప్పాలి. ‘మ్యాన్ సైజ్’ పాట అందులో రెండుసార్లు వస్తుంది, ఒకసారి బ్యాండ్‌తో, ఒకసారి ఎల్లిస్ రాసిన తీగవాయిద్యాల అమరికతో. రాక్ ఆల్బమ్ మధ్యలో ఆ వయొలిన్ల గీరుడు వింటే ఈ ఆల్బమ్ అంటే ఉత్త గోల కాదని తెలుస్తుంది. ఒకే పాటని రకరకాలుగా వినిపించాలన్న ఆలోచన డెమోలకంటే ముందు ఇక్కడే ఉంది.

జనం ఎలా తీసుకున్నారంటే, ‘రిడ్ ఆఫ్ మీ’ బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి వెళ్లింది, ఆ ఏడు బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలో కూడా నిలిచింది, బహుమతి స్వేడ్ బ్యాండ్‌కి పోయింది. చెవులు చిల్లులు పడే ఇలాంటి రికార్డుకి అది చిన్న సంగతి కాదు. ఆ ఏడాదే ముగ్గురూ విడిపోయారు. ఆ తర్వాత కొద్దినాళ్లకే డెమోలు బయటికి రావడంతో, ఇది ఆల్బీనీకి ఆమె చెప్పిన జవాబని చాలామంది అనేసుకున్నారు. ఏరికోరి తెచ్చుకున్న మనిషి మీద అలాంటి తీర్పు ఆమె నోట పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గొంతు స్పష్టంగా వినబడాలి, అదే ముఖ్యం అనుకునేవాళ్లు అసలు ఈ రెండింటి మధ్య కొట్టుకోవడం మాని 1995 నాటి ‘టు బ్రింగ్ యూ మై లవ్’ దగ్గరికి వెళ్లడం మంచిది. ఫ్లడ్, జాన్ పారిష్ అనే ప్రొడ్యూసర్లతో కలిసి చేసిన ఆ ఆల్బమ్‌లో గొంతుదే రాజ్యం.

కొత్తగా వినేవాళ్లకి నా సలహా: ముందు ‘రిడ్ ఆఫ్ మీ’, అదీ ఫోన్ స్పీకర్ మీద కాదు, మంచి హెడ్‌ఫోన్స్‌తో, మొదటి పాటలో వాల్యూమ్ ఎంత పెట్టారో చివరిదాకా అదే ఉంచి. పాటలన్నీ బాగా ఎక్కాక డెమోలు. అప్పుడు కూడా ఉమ్మడి పాటలు పక్కన పెట్టి, ఆల్బమ్‌లో లేని ఆరింటితో మొదలుపెట్టండి. ‘రీలింగ్’, ‘హార్డ్‌లీ వెయిట్’ లాంటివి వాటిలోవే. ‘హార్డ్‌లీ వెయిట్’ని 1995లో ‘స్ట్రేంజ్ డేస్’ సినిమాలో జూలియెట్ లూయిస్ పాడింది కూడా. డెమోలు కొనడానికి నా దృష్టిలో ఆ ఆరు పాటలు చాలు.