చంద్రగిరి స్వెట్టర్లా, పర్లాకిమిడి ముప్పై ఆరా: ప్రేమ నవలకు ఏది మేలు?

రెండు జాతుల మధ్య ప్రేమ మీద నవల అనగానే మనవాళ్లకి ముందు తట్టేది అమెరికా. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఒక తెల్లమ్మాయి, ఊళ్లో అన్నం మానేసిన అమ్మ. ఒడిశా సరిహద్దు మీద బతికే తెలుగువాళ్లం మనం, అంత దూరం పోవడం ఎందుకు? పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం మధ్యలోనే ఇలాంటి నవలకి మూడు దారులున్నాయి. ఏది పట్టుకోవాలో తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. పెద్దవాళ్లు రేపు పొద్దున్నే "సరే, చేసుకోండి" అంటే ఆ మర్నాటి నుంచి రాయడానికి ఇంకా కథ ఉంటుందా? లేకపోతే అది నవల కాదు, సాగదీసిన పెద్దకథ.

మొదటిది అందరినీ లాగేది: పర్లాకిమిడి, 1936. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. రాజావారు కృష్ణచంద్ర గజపతి పట్టుదలతో పట్టణం ఒడిశాలోకి వెళ్లింది. జమీందారీలో చాలా భాగం మాత్రం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఊరు తెలుగుదేశానికి దక్కలేదన్న బాధతో గిడుగు రామమూర్తి పంతులు గారు ఇన్నేళ్ల ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఈ నేపథ్యంలో ఒక తెలుగు మాస్టారి కూతురు, ఒక ఒడియా కరణం గారి కొడుకు. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు, రెండు స్టేషన్ల మధ్య ఉత్తరాలు. పాతపట్నం పక్కూరే, కానీ ఇప్పుడది వేరే రాష్ట్రం. రాయడానికి చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు.

కానీ పరీక్షలో ఇది నిలవదు. పర్లాకిమిడిలో తెలుగిల్లూ ఒడియా ఇల్లూ ఒకరి మాట ఒకరికి వచ్చిన ఇళ్లే. వాళ్ల పొఖాళొ, మన చద్దన్నం ఒకే కుండలోవి. పెద్దలు ఒప్పుకుంటే ఆ పిల్ల అత్తారింట్లో నెల తిరక్కుండా కుదురుకుంటుంది. ఆ తర్వాత మిగిలేది సరిహద్దు గొడవ, సభలు, మహజర్లు. అంటే చరిత్ర నవల. అది రాయవలసిందే, మంచి చరిత్ర నవల మనకి బాకీ ఉంది కూడా. కాకపోతే అందులో ప్రేమ ఉత్త కొక్కెం.

రెండోది కొండ మీదిది. గుణుపురం తెలుగు వర్తకుల కుర్రాడు సంతకి వెళ్తూ వస్తూ ఒక సవర అమ్మాయిని ఇష్టపడతాడు. ఇక్కడ అడ్డం బలమైనది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది. కాబట్టి ఆ కుర్రాడి ప్రేమ ఎంత నిజమైనదైనా ఊరు అడిగే మొదటి ప్రశ్న "భూమి కోసమేనా?" అని. పెళ్లయ్యాక కూడా ఆ ప్రశ్న పోదు. పిల్లలు పుట్టాక ఇంకా పెరుగుతుంది. నా పరీక్షలో ఇది దర్జాగా నెగ్గుతుంది.

నా భయం వేరే. సవరల ఇళ్లలో చచ్చిపోయినవాళ్లు పూజారి నోట మాట్లాడతారు, బతికున్నవాళ్లతో వాదిస్తారు, అలుగుతారు. చాలా ఊళ్లు క్రైస్తవంలోకి వెళ్లాయి, సెరంగోలో మిషన్ ఆసుపత్రి ఉంది. ఒకే ఇంట్లో తల్లి పాత పద్ధతి, కూతురు చర్చి. ఇదంతా లోపలి నుంచి తెలియాలి. సవర భాష రాకుండా, ఆ అమ్మాయిని అడవిలో నవ్వే పువ్వుగా రాస్తే అది ఆమెకి అన్యాయం. మన సాహిత్యంలో అలాంటి పువ్వులు ఇప్పటికే చాలా ఉన్నాయి. సవర వచ్చినవాళ్లెవరైనా ఈ నవలకి దిగితే నేను పక్కకి తప్పుకుంటాను, మూడింట్లోనూ ఇదే లోతైనది. రానివాళ్లకి మాత్రం వద్దని చెప్తాను.

ఇక మూడోది, నేను ఓటేసేది: చంద్రగిరి.

ఒడిశా గజపతి జిల్లాలో, మోహన అనే ఊరు దాటాక, 1963లో టిబెట్ శరణార్థులకి ఇచ్చిన కొండనేలలు. మొక్కజొన్న వేస్తారు. చలికాలం వస్తే సరుకు తెచ్చుకుని పట్నాల్లో స్వెట్టర్ల కొట్లు పెడతారు. బరంపురం తెలుగు కుర్రాడికి ఆ కొట్లో అమ్మాయి పరిచయం కావడం రాయడానికి కష్టపడక్కర్లేదు. ఇద్దరూ మాట్లాడుకునేది ఒడియాలో. అది ఆమె ఇంటి భాషా కాదు, ఇతని ఇంటి భాషా కాదు. పోట్లాటలో కూడా ఎవరికీ తమ అమ్మ భాష చేతిలో లేదు. ఇలాంటి సమానత్వం మిగతా రెండు కథల్లో దొరకదు.

పెద్దలు ఒప్పుకున్నారనుకోండి. వీడి తల్లి ఏమంటుంది? "సేసుకోరా బావు, నానొద్దన్ను. మీ నాన్న తద్దినం నాడు వంట ఎవరు సేస్తారో అదొక్కటీ సెప్పు." కాదనడం కంటే ఇదే కష్టం. అదే తల్లి చంద్రగిరి వియ్యాలవారింటికి వెళ్తుంది. ఉప్పేసిన వెన్న టీ ఇస్తారు. నోటికి పట్టదు, మర్యాద కోసం కళ్లు మూసుకుని కప్పు ఖాళీ చేసేస్తుంది. వాళ్లింట అతిథి కప్పు ఖాళీగా ఉండకూడదు, వెంటనే మళ్లీ నింపుతారు. ఈమె మళ్లీ తాగేస్తుంది. వాళ్లు "ఎంత ఇష్టంగా తాగుతోందో" అని మళ్లీ నింపుతారు. ఇద్దరివీ మంచి మనసులే, ఇద్దరికీ ఇబ్బందే. పెళ్లయిన టిబెటన్ స్త్రీ నడుముకి కట్టుకునే చారల పాంగ్దెన్ ఈ కోడలు కట్టాలా, నల్లపూసలు వేసుకోవాలా, రెండూనా? ప్రతి పండక్కీ ఒక అధ్యాయం దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే గట్టిది కాగితం. మన దేశంలో 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఇది టిబెటన్లకీ వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. ఇప్పుడు ఒకే ఇంట్లో 1986లో పుట్టిన అక్కని, 1988లో పుట్టిన తమ్ముడిని పెట్టండి. అక్క చట్టప్రకారం భారత పౌరురాలే. తమ్ముడు శరణార్థి రిజిస్ట్రేషన్ పుస్తకం గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటూ ఉండాలి. తండ్రికి అక్క తెలుగువాణ్ని చేసుకోవడం కంటే, పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టడమే పెద్ద దెబ్బ. "మనం తిరిగి వెళ్లం అని ఒప్పుకున్నట్టేగా" అంటాడు. ప్రేమించడం వల్ల ఆమె ఒక దేశానికి ద్రోహం చేసినదవుతుందా? ఈ ప్రశ్నకి జవాబు నాకు కూడా రాదు, అందుకే ఈ నవల కావాలంటున్నాను.

ఇంకో మాట. ఇద్దరివీ వేరు వేరు మతాలుగా ఉంచి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేయిస్తే, నోటీసు ఆఫీసు బోర్డు మీదికెక్కుతుంది, ముప్పై రోజులు ఆగాలి. ఆ ముప్పై రోజుల్లో బంధువుల్లో ఎవరు చూశారు, ఎవరు చూసీ చెప్పలేదు అన్నదే మంచి మధ్యభాగం. దాన్ని పారిపోయే పెళ్లితో పాడుచెయ్యకండి.

కాలం కూడా కలిసొస్తుంది. చంద్రగిరి దగ్గరే జిరంగ్‌లో పద్మసంభవ మహావిహారాన్ని, అంటే వాళ్ల బౌద్ధ మఠాన్ని, దలైలామా ప్రారంభించింది 2010 జనవరిలో. కోర్టు తీర్పు అదే ఏడాది చివర్లో. నవల మొత్తం ఆ పన్నెండు నెలల్లో పెట్టొచ్చు. కథ చెప్పేది మాత్రం తెలుగు కుర్రాడు కాకూడదు. తమ్ముడు చెప్పాలి. అక్క దాటిన గీత దగ్గర ఆగిపోయింది వాడే కనక, ఈ పెళ్లిలో గెలుపెంతో, పోయిందెంతో వాడికే సరిగ్గా కనిపిస్తుంది.