ఎన్సిమాగ్‌లో ఆ జనవరి ప్రాజెక్టు కోసమైనా చేరొచ్చు, కాకపోతే...

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్న ఎన్సిమాగ్ అనే ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బయటికొచ్చి కొన్నేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా "కాలేజీ ఎలా ఉంటుంది?" అని అడిగితే నా నోట మొదట వచ్చేది జీఎల్ (ఫ్రెంచిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కి పొట్టి పేరు) ప్రాజెక్టే. రెండో ఏడాది జనవరిలో మిగతా క్లాసులన్నీ పక్కన పెట్టి, ఐదుగురిని ఒక టీమ్‌గా చేసి, కంపైలర్ రాయమంటారు, అంటే మనం రాసే ప్రోగ్రామ్‌ను యంత్రం నడపగల ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్. ర్యాంకులు, ఫీజులు, వీసా సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. వాటి జోలికి పోను.

మన దగ్గర బీటెక్‌లో నేనూ కంపైలర్ డిజైన్ చదివినవాణ్ణే. ల్యాబ్ అంటే సీనియర్ల రికార్డు తెచ్చుకుని చూసి ఎక్కించడం, ఎక్స్‌టర్నల్ రాగానే కంపైలర్లు రాయడానికి వాడే లెక్స్, యాక్ పనిముట్ల గురించి నాలుగు ముక్కలు అప్పజెప్పడం. ఫస్ట్ సెట్లు, ఫాలో సెట్లు లాంటి థియరీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కంపైలర్ మాత్రం ఒక్కటీ రాసింది లేదు. అలా బీటెక్ అయ్యాక నేరుగా ఎన్సిమాగ్ రెండో ఏడాదిలో చేరాను.

ఇక్కడ రాయాల్సింది డెకా అనే భాషకి. జావాను బాగా కుదించి తయారుచేసుకున్న చిన్న భాష అది. జావాలో లాగే క్లాసులుంటాయి, ఇన్‌హెరిటెన్స్ ఉంటుంది. లెక్కలకి పూర్ణాంకాలు, మామూలు ఫ్లోట్‌లు (దశాంశ సంఖ్యల్ని 32 బిట్లలో ఉజ్జాయింపుగా దాచుకునే రకం), అంతే. అంతకు రెట్టింపు బిట్లు వాడే డబుల్ లేదు. డెకా ప్రోగ్రామ్‌ను చదివి, తప్పులు పట్టి, ఐఎంఎ అనే ఊహా యంత్రానికి అసెంబ్లీ (యంత్రానికిచ్చే అంచెలంచెల ఆదేశాలు) ఇవ్వాలి. భాష ఎలా ఉండాలి, ఏ తప్పుకి ఏం చేయాలి అన్నదంతా లావుపాటి ఫ్రెంచి పుస్తకంలో ఉంటుంది. ఆ యంత్రానికి 16 రిజిస్టర్లు (లెక్క మధ్యలో విలువలు పెట్టుకునే గళ్లు) ఉన్నా, నాలుగింటితోనే సరిపెట్టుకోమనే ఆప్షన్ కూడా మన కంపైలర్‌కి ఉండాలి. టెస్టులన్నీ పాసయ్యాయని సంబరపడుతున్న టీమ్ ఆ ఆప్షన్ పెట్టి చూస్తే చాలు, పొడుగాటి ఎక్స్‌ప్రెషన్లన్నీ అడ్డం తిరుగుతాయి.

ఇదంతా నేను ఊహించిందే. ఊహించనిది ఎక్స్‌టెన్షన్ దగ్గర జరిగింది. అసలు కంపైలర్‌తో పాటు ప్రతి టీమూ అదనంగా ఒకటి చేయాలి. మాది త్రికోణమితి: సైన్, కోసైన్ లాంటివి లెక్కగట్టే లైబ్రరీ డెకాలోనే రాయడం. 'సైన్‌ని పదాల మొత్తంగా రాసే టేలర్ సిరీస్ చదువుకున్నదే కదా, రెండ్రోజుల పని' అనుకున్నాను. చిన్న కోణాలకి నిజంగానే రెండ్రోజుల్లో అయిపోయింది. గ్రాఫ్ గీస్తే అచ్చం సైన్ లాగే ఉంది. మా టీమ్‌లో ఒకమ్మాయికి మాత్రం గ్రాఫ్ చూసి నమ్మే అలవాటు లేదు. జావా ఇచ్చే జవాబుతో పోల్చే టెస్టు ఒకటి రాసి, లక్ష రేడియన్లకి సైన్ ఎంతో అడిగింది. 0.03575 రావాల్సిన చోట మాది 0.03905 అంది.

ఆ రోజు సంక్రాంతి. ఇంట్లోవాళ్లు వీడియో కాల్‌లో అరిసెలు చూపిస్తుంటే నా కళ్లు పక్కనున్న స్క్రీన్ మీద ఆ 0.03905 దగ్గరే ఉన్నాయి.

లెక్క విడదీస్తే దొరికింది. పెద్ద కోణాన్ని చిన్నది చేయాలంటే అందులోంచి 'పై'లో సగాన్ని, మిగిలేది సున్నాకి వీలైనంత దగ్గరయ్యేలా, అన్నిసార్లు తీసేయాలి. లక్షకి ఆ సంఖ్య 63,662. ఫ్లోట్‌లో దాచుకున్న 'పై'లో సగం విలువ అసలుదానికి దగ్గరదే, తేడా పదికోట్లలో నాలుగు వంతుల పైచిలుకు. ఎవరూ పట్టించుకోనంత చిన్నది. కానీ దాన్ని 63,662తో గుణిస్తే 0.0028 దాకా పెరుగుతుంది. దానికితోడు లక్ష దగ్గర పక్కపక్కనున్న రెండు ఫ్లోట్‌ల మధ్య దూరమే దాదాపు 0.0078. మధ్యలో ఏది పడినా ఇటో అటో జరగాల్సిందే. సిరీస్‌కి ఎన్ని పదాలు కలిపినా ఒరిగేదేమీ లేదు, తప్పు అంతకుముందే జరిగిపోయింది.

మమ్మల్ని చూసుకునే సారు దగ్గరికి వెళ్తే జవాబు చెప్పలేదు. "ఫ్లోట్‌లో ఎన్ని బిట్లు? మీ 63,662కి ఎన్ని పోతాయి?" అని మాత్రం అడిగారు. ఫ్లోట్‌లో అంకెలకి ఉండేవి 24 బిట్లు, 63,662 రాయడానికే 16 పోతాయి, మిగిలేవి 8. అంతే, దారి కనపడింది. 'పై'లో సగాన్ని ముక్కలు చేసి, మొదటి ముక్కని 8 బిట్లలో ఇమిడేలా ఉంచితే గుణకారంలో ఒక్క బిట్ కూడా పోదు. దాన్ని తీసేశాక మిగతా ముక్కలు ఒకదాని తరవాత ఒకటి తీసేస్తూ పోవడమే. కోడీ, వెయిట్‌ల పేరు మీద ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది, కొత్తగా మేం కనిపెట్టిందేమీ కాదు. అయినా 0.03575 కనపడినప్పుడు ఐదుగురం అరిచిన అరుపుకి పక్క గదిలోని టీమ్ వచ్చి చూసింది.

1960లో జాన్ కుంట్జ్‌మన్ అనే గణితవేత్త ఈ స్కూలు పెట్టినప్పుడే కంప్యూటర్లనూ అప్లయిడ్ మ్యాథ్స్‌నూ ఒక్కచోట ఎందుకు కలిపాడో ఆ వారం నాకు అర్థమైంది. అంతకుముందు నాకు న్యూమరికల్ ఎనాలిసిస్ (కంప్యూటర్ లెక్కల్లో తప్పు ఎంతో చూసే గణితం) ఒక సబ్జెక్టు, ప్రోగ్రామింగ్ ఇంకో సబ్జెక్టు. (రెండింటినీ కలిపే జబ్బు ఈ ఊరికి పాతదే. ఇక్కడి వెరిమాగ్ ల్యాబ్ స్థాపించిన జోసెఫ్ సిఫాకిస్ 2007లో మరో ఇద్దరితో కలిసి కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నది ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో గణితంతో తేల్చే పద్ధతికే.)

కొత్తలో నేను కనపడ్డ ప్రతివాళ్లకీ ఎన్సిమాగ్‌లో చేరమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ముందుగా, నాకు దక్కిన అదృష్టంలో సగం ఆ ఎక్స్‌టెన్షన్‌ది. ఇంకొకటి తీసుకున్న టీమ్‌వాళ్లకి అదే జనవరి వేరేలా గుర్తుంటుంది. తరవాత భాష. నా దగ్గర ఫ్రెంచి బీ2 (మధ్యస్థాయికి పైన) సర్టిఫికెట్ ఉంది. సర్టిఫికెట్ వేరు, నలుగురు ఒకేసారి వాదించుకుంటుంటే మధ్యలో మాట దూర్చడం వేరు. డిజైన్ మీటింగుల్లో నా అభిప్రాయం నోట్లో కూడబలుక్కునేలోపు వాళ్లు నిర్ణయం తీసేసుకునేవారు. మెర్జ్ రిక్వెస్టుల్లో (రాసిన కోడ్‌ను అందరి కోడ్‌లో కలపమని పెట్టే అర్జీలు) రాతపూర్వకంగా వాదించడం మొదలుపెట్టాకే కాస్త ఊపిరాడింది. పైగా వాళ్లలో చాలామంది ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలకి తయారుచేసే రెండేళ్ల ప్రిపాలో లెక్కలు రుబ్బి వచ్చినవాళ్లు. మన ఇంటర్ కోచింగే, కాకపోతే అక్కడ ఆబ్జెక్టివ్ ప్రశ్నలు ఉండవు, నిరూపణలు రాయాలి. నేనేమో ఆప్షన్లు చూసి ఎలిమినేట్ చేసి వచ్చినవాణ్ణి.

మార్కులు 20కి. నాకు 13 వస్తే ఇక్కడి మిత్రులు భుజం తట్టారు. ఇంటికి ఫోన్ చేస్తే "అరవై ఐదు శాతమేనా?" అన్నారు నాన్న.

ఇప్పుడు నేను చేసే పని చిప్‌ల మీద 16 బిట్ల ఫ్లోట్‌లతో. అందుకే ఆ జనవరి నాకు రోజూ అన్నం పెడుతోంది. నాతోపాటు చదివి వెబ్ వైపు వెళ్లిన ఫ్రెండ్‌ని అడిగితే, టీమ్‌లో పనిచేయడం నేర్చుకున్నాను, అంతకుమించి వాడింది లేదంటాడు. వాడి మాటా కాదనలేను. ఇక తిరిగొచ్చి హైదరాబాద్‌లో స్థిరపడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇంటర్వ్యూలో ఈ పేరు విన్నవాళ్లు ఎదురుపడటం అరుదు, పని చూపించి మెప్పించాల్సిందే.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది వస్తానంటున్నాడు. నాకు లోన్ లేదు, వాడు లోన్ తీసుకునే రావాలి. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషులో నడిచే మాస్టర్స్ కోర్సు మోసిగ్ ఉంది, అది చూసుకోమన్నాను. నేను చెప్పే ప్రాజెక్టు మాత్రం ఇంజనీరు డిగ్రీ వాళ్లదని, అందులో ఉండదని కూడా చెప్పాను. ఫ్రెంచి కోసం ఒక ఏడాది ఆగడానికి బాబాయి ఒప్పుకుంటే మాత్రం నా సలహా మారుతుంది.