డిస్ట్‌సీపీ చెక్‌సమ్: రెండేళ్ల సావాసం తరువాత

రెండు హడూప్ క్లస్టర్లను (పెద్ద డేటాను అనేక యంత్రాల మీద పంచి దాచే వ్యవస్థలను) ఒక్కటి చేసే పనిలో, వాటి మధ్య ఫైళ్లను కాపీ చేసే డిస్ట్‌సీపీ అనే సాధనాన్ని రెండేళ్లుగా వాడుతున్నాను. దాని మిగతా సంగతులు వదిలేసి, నన్ను ముప్పుతిప్పలు పెట్టి చివరకు నా నమ్మకాన్ని సంపాదించుకున్న ఒక్క అంశం గురించే రాస్తాను: కాపీ ముగిశాక అది జరిపే చెక్‌సమ్ పోలిక, అంటే ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టిన చిన్న సంఖ్య రెండు వైపులా ఒకటేనా అని చూడటం.

మా పాత క్లస్టరు హడూప్ 1 నాటిది. తరువాత 2కు మార్చినా బ్లాకు పరిమాణం (ఫైలును ముక్కలు చేసే కొలత) మాత్రం 64 మెగాబైట్ల దగ్గరే ఉండిపోయింది, కొత్తదానిలో 128. ప్రయోగానికి ఎంచుకున్న డైరెక్టరీ నిరాటంకంగా దాటడంతో, ఒక శుక్రవారం రాత్రి అసలు లాగ్‌లకు జాబ్ పెట్టి నిద్రపోయాను. పెద్ద ఫైలు చివరి బైటు దాకా కాపీ కావడం, చెక్‌సమ్ కలవలేదని తాత్కాలిక ఫైలు చెరిగిపోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలుకావడం, రాత్రంతా ఇదే తంతు. తెల్లవారేసరికి అవతలికి చేరినవి చిన్న ఫైళ్లు మాత్రమే.

నేను నెట్‌వర్కును అనుమానించి సగం రోజు పోగొట్టుకున్నాను. అసలు కారణం వేరు. హడూప్‌లో ఫైళ్లను దాచే హెచ్‌డీఎఫ్‌ఎస్ మామూలుగా ఫైలు చెక్‌సమ్‌ను బ్లాకుల వారీగా కడుతుంది: ప్రతి 512 బైట్లకు ఒక సీఆర్‌సీ (తప్పులు పట్టే చిన్న సంఖ్య), వాటి మీద బ్లాకుకొక ఎండీ5 (మరో రకం చెక్‌సమ్), వాటన్నిటి మీద మరొక ఎండీ5. అవే బైట్లను వేరే కొలతలో ముక్కలు చేస్తే జవాబు మారిపోతుంది. ఒకే బ్లాకులో ఇమిడే ఫైలుకు ఆ తేడా రాదు కాబట్టే నా ప్రయోగం నెగ్గింది. బ్లాకు పరిమాణాన్ని కాపాడే ‘పీబీ’ ఆప్షన్ వాడమని ఎర్రర్ సందేశంలోనే ఉంది. నేను మొదటి వరుస దాటి చదవలేదు. అది పెట్టాక కూడా అతి పాత ఫైళ్లు మొరాయించాయి, ఎందుకంటే వాటిది సీఆర్‌సీ32, కొత్త క్లస్టరుది సీఆర్‌సీ32సీ అనే వేరే రకం. చెక్‌సమ్ రకాన్నీ కాపాడే ‘సీ’ అనే మూడో అక్షరం చేర్చాకే దారికి వచ్చాయి.

ఆ తరువాత ‘అప్‌డేట్’ ఆప్షన్‌తో ఎన్నిసార్లు నడిపినా, చెక్‌సమ్ కలిసిన ఫైళ్లను వదిలి మారినవాటినే తెచ్చింది. పాత యంత్రాలను ఆపిన రోజు నాకు బెంగ లేదు.

అయితే అప్పట్లో సహోద్యోగుల ముందు దీన్ని ఆకాశానికెత్తిన నేను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. 64 మెగాబైట్లను కాపాడినందుకు ఒక్కో టెరాబైటుకు 8,192 బ్లాకులకు బదులు 16,384 వచ్చాయి. ఆ లెక్కంతా, ఏ బ్లాకు ఎక్కడుందో గుర్తుంచుకునే నేమ్‌నోడ్ మెమరీలోనే ఉండాలి. ఆ ఫైళ్లను తిరగరాసే పని ఇంకా సాగుతూనే ఉంది. పోలికనే మానేయమని ఒకరు సలహా ఇచ్చారు గానీ, పరిమాణం సరిపోయిందన్న భరోసాతో పాత డిస్కులు చెరిపే ధైర్యం నాకు లేదు.

మావి ఒకసారి రాశాక మారని లాగ్‌లు, రెండు క్లస్టర్లూ ఒకే డేటా సెంటర్లో ఉన్నాయి, రాత్రులు ఖాళీ. రోజూ మారే పట్టికలున్నవారి అనుభవం వేరుగా ఉండవచ్చు. రెండు వైపులా హడూప్ 3.1.1 లేదా ఆపై వెర్షన్ ఉంటే, బ్లాకు కొలతతో నిమిత్తం లేని కాంపోజిట్ సీఆర్‌సీ అనే చెక్‌సమ్ దొరుకుతుంది కనుక నా గొడవలో చాలా భాగం వారికి ఎదురుకాదు. మేము మాత్రం ప్రయోగపు డైరెక్టరీలో కనీసం ఒక గిగాబైటు దాటిన ఫైలు ఒకటి, అతి పాత ఫైలు ఒకటి లేనిదే అసలు కాపీకి ఒప్పుకోవడం లేదు.