మినహాయింపుల లెక్కలా, పేర్లు కొట్టేసిన దరఖాస్తులా?

2021 నవంబరులో అమెరికా ప్రభుత్వం మెడికేర్, మెడికెయిడ్ (వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు అందుకునే ఆసుపత్రుల సిబ్బందికి కోవిడ్ టీకా తప్పనిసరి చేసింది. 2022 జనవరిలో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో దాన్ని అమలు కానిచ్చింది. 2023లో ఎత్తేసేదాకా వైద్య, మత కారణాలతో మినహాయింపు అడిగే వీలుండేది. ఆ మినహాయింపుల రికార్డులు ప్రజలకు ఎలా చూపాలి?

ఒక దారి, ఆసుపత్రివారీ లెక్కలు: ఎంతమంది అడిగారు, ఎందరికి ఇచ్చారు. ఇది వెంటనే అర్థమవుతుంది, ఎవరి ఆరోగ్య సంగతీ బయటపడదు. నర్సింగ్ హోముల (అక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రాలు) సిబ్బందిలో టీకా వేసుకున్నవారి శాతాన్ని ప్రభుత్వం అలాగే ప్రచురించింది. కానీ అంకె కారణం చెప్పదు. అడిగినవాళ్లందరికీ ఇచ్చేశారా, నిజంగా పరిశీలించారా అన్నది తెలియదు.

రెండోది, సమాచార స్వేచ్ఛ చట్టం కింద పేర్లు కొట్టేసిన దరఖాస్తులు అడగడం. జవాబుకు గడువు 20 పనిదినాలు, ఆచరణలో చాలాసార్లు నెలలు. పైగా ప్రభుత్వం దగ్గరున్న కాగితాలే వస్తాయి. ప్రైవేటు ఆసుపత్రి ఫైళ్లు ఆ చట్టం కిందికి రావు. వచ్చిన చోట మాత్రం నిర్ణయం ఎలా తీసుకున్నారో కనిపిస్తుంది. చిన్న క్లినిక్‌లో అయితే పేరు కొట్టేసినా మనిషిని ఇట్టే పోల్చేస్తారు. ఓ నర్సు జబ్బు సంగతి ఊరంతా తెలియడం నాకు అస్సలు ఇష్టం లేదు.

అందుకే నా ఓటు లెక్కలకే, తిరస్కరించిన సంఖ్య, కారణాల రకాలు కూడా ఇస్తేనే.