బంగారం చూపించే ‘లాంగ్ రేంజ్’ మెషిన్ కొనబోతున్నారా? వైజాగ్ వాళ్లు జాగ్రత్త

వంద మీటర్ల దూరం నుంచే బంగారం ఎక్కడుందో చూపిస్తుందంటూ ‘లాంగ్ రేంజ్ గోల్డ్ లొకేటర్’ అనే మెషిన్‌ను మన ఊళ్లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. మా బావ 85,000 రూపాయలు పోసి కొన్నాడు. బంగారాన్ని అంత దూరం నుంచి పసిగట్టే మెషిన్ ప్రపంచంలో ఎక్కడా లేదు, ఏ కంపెనీ పేరు చెప్పినా సరే.

ముందు బావ ఎందుకు కొన్నాడో చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఆలోచన మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. భీమిలిలో వాళ్ల మేనత్తగారి పాత ఇల్లు ఉంది. మందపాటి గోడలు, పైన పెంకులు. దాన్ని పడగొట్టి కొత్తది కడదామనుకుంటున్నారు. ఆ ఇంట్లో లంకెబిందెలున్నాయని పెద్దవాళ్లు చెప్పుకునే మాట ఎప్పటినుంచో ఉంది. కూలగొట్టే ముందు ఒకసారి వెతికిస్తే పోలా అనుకున్నాడు. ఇల్లు అయ్యాక బీచ్‌లో కూడా వాడుకోవచ్చని ఇంకో లెక్క. శివరాత్రి జాగారం మర్నాడు ఆర్కే బీచ్‌లో జనం సముద్ర స్నానాలు చేస్తారు కదా, ఉంగరాలు, చెవిదిద్దులు జారిపోతూనే ఉంటాయి. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ తీరంలో జనం ఇసుకలో బంగారు పూసలు ఏరుకున్న వార్త చూసినప్పటి నుంచి ఆయన మనసంతా అక్కడే. ఆశ పడటంలో తప్పేం లేదు. ఆ ఆశను అమ్ముకునేవాళ్లతోనే పేచీ.

అమ్మినతను షాపు పెట్టుకున్నవాడు కాదు. వీడియో చూసి ఫోన్ చేస్తే ఇంటికే వచ్చి డెమో ఇచ్చాడు. నల్ల సూట్‌కేసులో స్పాంజి పరిచి మెషిన్ పెట్టి ఉంది. పిస్తోలు లాంటి పిడి, దానికి అటూ ఇటూ తిరిగే పొడుగాటి యాంటెన్నా, చిన్న స్క్రీను. స్క్రీను మీద బంగారం, వెండి, వజ్రం, నీళ్లు అని మెనూ. మా అక్క గాజును పెరట్లో పూలకుండీ వెనక పెట్టి, మెషిన్ పట్టుకుని నడిచాడు. యాంటెన్నా గిర్రున తిరిగి కుండీ వైపు ఆగింది. అందరం చప్పట్లు కొట్టినంత పని చేశాం. గాజు ఎక్కడుందో అతను కళ్లారా చూశాడన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. బావ అక్కడికక్కడే డబ్బు పంపేశాడు. బిల్లు తర్వాత ఇస్తానన్నాడు, ఈరోజు వరకూ ఇవ్వలేదు.

తర్వాత భీమిలి ఇంట్లో తిప్పితే ఆ మెషిన్ పొద్దున దేవుడి గది చూపించింది, సాయంత్రం బావి గట్టు చూపించింది. అతన్ని మళ్లీ పిలిపించాం. ఈసారి పరీక్ష మేం పెట్టాం. ప్లాస్టిక్ టబ్బులు వరసగా బోర్లించి, అతన్ని వీధిలో నిలబెట్టి, ఒకదాని కింద గాజు పెట్టాం. పెట్టిన పిల్లను కూడా లోపలికి పంపేశాం, ఆమె ముఖం చూసి పసిగట్టకుండా. ఒక్కసారి కూడా సరిగ్గా చూపించలేదు. టబ్బు కిందున్నది కనపడేలా పెడితే మాత్రం ప్రతిసారీ కరెక్టే!

అప్పుడు అతను చెప్పిన కారణాలు వినాలి. మొదట, పట్టుకున్నవాళ్ల ఒంట్లో కరెంటు తక్కువన్నాడు. తర్వాత, గాజు కొత్తది, భూమిలో ఏళ్ల తరబడి ఉన్న బంగారమే సిగ్నల్ ఇస్తుందన్నాడు. మరి డెమోలో అదే గాజును ఎలా పట్టిందని అడిగితే, వైజాగ్‌లో నేవీ రాడార్లు ఎక్కువ సార్, అందుకే డిస్టర్బెన్స్ అన్నాడు. చివరికి ‘కాలిబ్రేషన్’ చేసి తెస్తాను, శాంపిల్‌గా ఒక తులం బంగారం ఇవ్వండి అన్నాడు. ఇది అసలు ప్రమాదం. మెషిన్ డబ్బుతో ఆగరు వీళ్లు. తులం అడుగుతారు, తర్వాత నిధికి కాపలా ఉంది, పూజ చేయాలంటారు. రైస్ పుల్లింగ్ పేరుతో, అంటే బియ్యాన్ని తనవైపు లాక్కునే మహిమ ఉందంటూ, రాగి చెంబులు అంటగట్టిన ముఠాల గురించి పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? ఇదీ అదే బాపతు, కాకపోతే బ్యాటరీ వేశారు.

డాబాగార్డెన్స్‌లో తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ దగ్గర మెషిన్ విప్పించాం. స్క్రీనుకీ లైట్లకీ ఒక చిన్న సర్క్యూట్ ఉంది. యాంటెన్నాకు దానితో ఒక్క వైరు కూడా కలిసి లేదు. అది ఊరికే మేకు మీద తిరిగే రేకు ముక్క. మణికట్టు కాస్త వాలితే చాలు, బరువుకు అదే అటు తిరుగుతుంది. పట్టుకున్నవాడికి తను వంచుతున్నట్టు కూడా తెలియదు, మనసులో ఎటు అనుకుంటే చెయ్యి అటు వాలుతుంది. అందుకే కొందరు అమ్మేవాళ్లు కూడా నిజమని నమ్ముతారేమో. మనవాడు ఆ రకం కాదు.

ఈ మోసం కొత్తదేం కాదు. బ్రిటన్‌లో జేమ్స్ మెక్‌కార్మిక్ అనేవాడు సరిగ్గా ఇలాంటి తిరిగే యాంటెన్నానే ఏడీఈ 651 అని పేరు పెట్టి, బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కు అమ్మాడు. దాని మూలం 20 డాలర్లు కూడా చేయని, గోల్ఫ్ బంతులు వెతకడానికంటూ అమ్మే ఆటవస్తువు. 2013లో అతనికి పదేళ్ల జైలు పడింది. సైన్యాలనే బుట్టలో వేసిన సరుకు మన పెరట్లోకి రావడంలో ఆశ్చర్యం ఏముంది?

మరి నిజమైన మెటల్ డిటెక్టర్ సంగతి? అది ఉంది, పనిచేస్తుంది, కానీ హద్దులున్నాయి. కింద గుండ్రటి కాయిల్ ఉంటుంది, దాన్ని నేలకు దగ్గరగా తిప్పాలి. ఉంగరం, నాణెం లాంటివి జానెడు, మహా అయితే ఇంకొంచెం లోతు వరకు పడుతుంది. పది అడుగుల లోతులో చెయిన్ చూపిస్తుందని ఎవరైనా అంటే అక్కడే లేచిపోండి. సన్నటి గొలుసులైతే పైపైన ఉన్నా ఒక్కోసారి తప్పించుకుంటాయి, చిన్న చిన్న లింకులు కదా, సిగ్నల్ బలంగా రాదు. ఇంకో చిక్కు, చిన్న బంగారు వస్తువులు, అల్యూమినియం ఫాయిల్, కూల్‌డ్రింక్ టిన్ను మూత రింగు ఇంచుమించు ఒకే రకం శబ్దం ఇస్తాయి. చెత్త వద్దని మెషిన్‌లో డిస్క్రిమినేషన్, అంటే కొన్ని లోహాలను వదిలేసే సెట్టింగు, పెంచితే ఫాయిల్‌తో పాటు ఉంగరమూ పోతుంది. ఆర్కే బీచ్‌లో సెలవు రోజు సాయంత్రం జనం ఏం పారేస్తారో తెలుసుగా, తవ్విన ప్రతి గుంటలో గుట్కా ప్యాకెట్టే.

మన తీరంలో ఇంకో సమస్య ఉంది, దీన్ని ఏ అమ్మకందారూ చెప్పడు. భీమిలి వైపు ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు. అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు. వాటికి ఉప్పునీళ్లు కూడా తోడైతే, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే చవక డిటెక్టర్ తడి ఇసుక మీద ఏమీ లేకుండానే అరుస్తుంది. అలలు తాకే చోట వెతకాలంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల మీద నడిచే మల్టీ ఫ్రీక్వెన్సీ గానీ, ఆగి ఆగి కరెంటు పల్సులు పంపే పల్స్ ఇండక్షన్ రకం గానీ కావాలి. అవి ఖరీదు. పల్స్ ఇండక్షన్ అయితే ఇనప మేకుకీ ఉంగరానికీ తేడా సరిగ్గా చెప్పదు, తవ్వే ఓపిక ఉండాలి. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి, డిటెక్టర్లు తయారుచేసే మైన్‌ల్యాబ్ కంపెనీ తన నకిలీల గురించి స్వయంగా హెచ్చరించింది. సీరియల్ నంబరు కంపెనీకి రాసి సరిచూసుకోకుండా డబ్బివ్వద్దు. డెమో ఇంట్లో కాదు, రుషికొండలోనో భీమిలిలోనో తడి ఇసుక మీద చూపించమనండి. ఉంగరం ఎక్కడ పూడ్చారో అతనికి తెలియకూడదు, ఈ ఒక్కటీ మరిచిపోవద్దు. అలా మేం డిటెక్టర్ అమ్మే ఒకతన్ని పిలిస్తే రాలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మాత్రం మా చేతిలో సూట్‌కేసు చూసి, ‘ఏటి బాబూ, దాంతో సేపలు పడతాయేటి?’ అన్నాడు.

పాత ఇళ్లు వెతికేవాళ్లు చట్టం కూడా చూసుకోవాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలోనే కాదు, నేలకు అంటి ఉన్న గోడలో దాచింది దొరికినా, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు పడొచ్చు. ‘దొరికింది మీదే సార్’ అని అమ్మేవాడు చెప్పేది నమ్మకండి. తొట్లకొండ, బావికొండ లాంటి రక్షిత స్థలాల్లోకి డిటెక్టర్ పట్టుకుని అసలు వెళ్లొద్దు, తవ్వితే కేసే.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, పంపిన యూపీఐ రికార్డు, వీడియో లింకు, వాట్సాప్ చాట్ డిలీట్ చేయకుండా ఉంచుకోండి. అతను ‘చాట్ తీసేయండి, రీఫండ్ వేస్తా’ అన్నాడు మాతో, బావ తీయలేదు, మంచిదైంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో మోసం చేసి డబ్బు లాగితే 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైతే డబ్బు ఖాతా దాటిపోతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు సరుకైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన రుజువు పనికొస్తుంది. మేం పోలీసులకూ ఇచ్చాం, కమిషన్‌కూ వేశాం.

అతను ఆ నంబరు మార్చేశాడు. ఇప్పుడు గాజువాక, పెందుర్తి వైపు ఇళ్లకు వెళ్లి డెమోలు ఇస్తున్నాడని తెలిసింది. నల్ల సూట్‌కేసు, లోపల స్పాంజి, వెండి రంగు యాంటెన్నా, స్క్రీను మీద ‘వజ్రం’ అని కనిపిస్తే అదే సరుకు.