ఆసుపత్రి వార్డా, కంపెనీ అంబులెన్స్ రూమా, సేఫ్టీ ఆఫీసర్ కుర్చీయా: నర్సుకి ఏది మేలు?

పోయిన వారం అమలాపురం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఒకప్పుడు నాతోపాటు వార్డులో పని నేర్చుకున్న పిల్ల. "అక్కా, నైట్ డ్యూటీలు ఇక నా వల్ల కావట్లేదు. సేఫ్టీ డిప్లొమా చేస్తే ఏదైనా ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ పోస్టు వస్తుందంటున్నారు. ఫీజు కట్టేయమంటావా?" అంది. ఇప్పుడే కట్టొద్దన్నాను. ఎందుకో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న చాలామంది సిస్టర్లు అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను. తొమ్మిదేళ్ళు కాకినాడలో వార్డుల్లో చేశాను. తర్వాత ఆరేళ్ళుగా రొయ్యల ప్లాంటులో నర్సుని.

ముందు ఆ డిప్లొమా సంగతి. చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఆ కాగితం ఒక్కటే చాలదు. ఫ్యాక్టరీ నిబంధనలు మామూలుగా అడిగేది ఇంజనీరింగ్ డిగ్రీ, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ళ అనుభవం. లేదంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ గానీ ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉండి, ఐదేళ్ళ అనుభవం. వీటికి తోడు ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. నర్సింగ్ డిప్లొమా (జీఎన్ఎం) గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఆ వరుసలో లేవు. ఫీజు కట్టే ముందే తెలియాల్సిన మాట ఇది.

పోస్టులు పెరుగుతాయన్నది మాత్రం నిజమే. 1948 ఫ్యాక్టరీల చట్టం 1000 మంది పనిచేసేచోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మికుల భద్రత, ఆరోగ్యాల కొత్త చట్టం (కోడ్) ఆ లెక్కని 500కి తగ్గించింది, ప్రమాదకరమైన ప్రక్రియలున్న ఫ్యాక్టరీకైతే 250కి. కానీ ఆ పెరిగిన కుర్చీల్లో ఎక్కువ భాగం మనకి అందవు. ముందు బీఎస్సీ కెమిస్ట్రీ చేసి తర్వాత నర్సింగ్‌కి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ దారి వేరు. చెన్నైలో రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది కోర్సు గురించి వాళ్ళు కనుక్కోవచ్చు. గల్ఫ్ వెళ్ళాలనుకునేవాళ్ళు చాలామంది నెబోష్ అనే బ్రిటన్ సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు చేస్తారు, దానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న షరతు లేదు. అయితే అది పాసైనంత మాత్రాన ఇక్కడి చట్టం అడిగే అర్హత వచ్చేయదు.

మరి వార్డులోనే ఉండిపోవాలా? మూడేళ్ళు నిండనివాళ్ళకి నా సమాధానం అవుననే. కంపెనీలో రాత్రి రెండింటికి అమ్మోనియా లీకైతే పక్కన డాక్టరు ఉండడు, సీనియర్ సిస్టరు ఉండదు. నాడి పట్టుకోగానే పరిస్థితి తెలిసే చెయ్యి వార్డులోనే తయారవుతుంది. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకి మెరిట్‌లో దగ్గరగా ఉన్నవాళ్ళు కూడా తొందరపడి కదలొద్దు.

నేను కదలడానికి కారణం జీతం కాదు. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. కాలినవాళ్ళని కాకినాడ తీసుకొచ్చారు. డ్రెస్సింగులు మారుస్తున్నంతసేపూ నా మనసులో ఒకటే మాట. తుప్పు పట్టిన ఆ పైపుని ముందే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఈ మంచాలన్నీ ఖాళీగా ఉండేవి కదా. పాశర్లపూడిలో 1995లో గ్యాస్ బావి 65 రోజులు మండిన కథ వింటూ పెరిగినదాన్ని. మా నేల కింద ఏముందో మాకు తెలుసు. గాయమయ్యాక కాదు, అవ్వకముందు అక్కడ ఉండాలనిపించింది.

అలా వచ్చాను అంబులెన్స్ రూముకి, అంటే ఫ్యాక్టరీలోనే దెబ్బలకీ జబ్బులకీ మొదటి వైద్యం చేసే గదికి. ప్రతి 150 మంది కార్మికులకి ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్సు, 500 మందికి మించితే అంబులెన్స్ రూము ఉండాలన్నది పాత చట్టం మాట. మన డెల్టాలో చూడండి: భీమవరం, కాకినాడ చుట్టూ రొయ్యల ప్లాంట్లు, కాకినాడలో ఎరువులు, వంటనూనె రిఫైనరీలు, రాజమండ్రిలో పేపర్ మిల్లు, తణుకు, కొవ్వూరు వైపు కెమికల్స్, కోనసీమ తీరంలో గ్యాస్ టెర్మినల్స్. నర్సు అవసరం లేని పెద్ద కంపెనీ ఏదీ లేదు.

పనేమిటంటారా? మొదటి నెలలోనే ఒకావిడ వచ్చింది, రొయ్యల పొట్టు తీసే పీలింగ్ సెక్షన్. వేళ్ళ చివర్లు నాని తెల్లబడిపోయాయి. గోళ్ళ పక్కన చీలికలు, వాటిలో ఎర్రగా పచ్చి. ఆయింట్‌మెంట్ ఇచ్చాను. వారానికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాను. మూడోసారి ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది. "ఎందుకిలా అవుతోందమ్మా?" అంటే, "ఏమోనండీ నర్సమ్మగారూ, పొద్దస్తమానం నీళ్ళలోనే కదండీ చేతులు" అంది. వార్డు నర్సుగా నా పని అక్కడితో అయిపోయేది. ఆ రోజు మాత్రం గమ్‌బూట్లు వేసుకుని లైను మీదకి వెళ్ళాను. చేతులు ముంచే క్లోరిన్ నీళ్ళు ఒకబ్బాయి మగ్గుతో అంచనాగా కలుపుతున్నాడు. గ్లవ్స్ అందరికీ ఒకటే సైజు, పెద్దవి. వేలి చివర వదులుగా ఉంటే పొట్టు పట్టు దొరకదు కాబట్టి ఆడవాళ్ళు చివర్లు కత్తిరించి వేసుకుంటున్నారు. మందు పుండుకి రాస్తున్నాను, పుండు గ్లవ్‌లో పుడుతోంది.

చిన్న సైజు గ్లవ్స్, కొలత కప్పు, క్లోరిన్ చూసే స్ట్రిప్పులు అడిగాను. ఖర్చన్నారు. నా రిజిస్టరు తెరిచి చూపించాను: ఎవరు, ఏ తేదీన, ఏ సెక్షన్, ఎన్నోసారి. పద్నాలుగు పేర్లు ఒకే టేబుల్ దగ్గరివి. ఇక ఎవరూ మాట్లాడలేదు. వార్డులో చార్టు రాసే అలవాటే అక్కడ పనికొచ్చింది. ఏ డిప్లొమా లేకపోయినా నర్సు చేయగల సేఫ్టీ పని ఇదే. ఆ తర్వాత వినికిడి పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష చేయడం నేర్చుకున్నాను. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ దగ్గర ఎవరికి ఆయాసం వస్తుందో, గాలిలో అమ్మోనియా 25 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 25) దాటితే ఎనిమిది గంటల షిఫ్టు ఎందుకు చేయించకూడదో తెలిసింది.

కష్టం లేదని చెప్పను. వార్డులో చేసిన పనుల్లో సగం ఇక్కడ చేతికి తగలవు, ఐవీ పెట్టే చురుకు తగ్గుతుంది. పైకి ఎదగడానికి మెట్లు తక్కువ. అన్నిటికన్నా బరువైనది ఇంకొకటి. ఒకసారి ఒకతని వేలు మెషీన్లో నలిగితే, ఇంట్లో తగిలిందని రాయమన్నారు పైవాళ్ళు. డ్యూటీలో దెబ్బ అయితే కార్మికుల బీమా ఈఎస్ఐ నుంచి జీతంలో 90 శాతం వస్తుంది, మామూలు జబ్బుకి 70 శాతమే. నా పెన్ను ఏం రాస్తే దాని మీదే అతని ఇంటి బియ్యం ఖర్చు. జరిగింది జరిగినట్టే రాశాను. కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. అంత టెన్షన్ తట్టుకోలేమనుకునేవాళ్ళు ఈ ఉద్యోగానికి రావద్దు. మంచి మనసుతో చెబుతున్నాను.

నా లెక్కలో మూడేళ్ళు వార్డులో నలిగిన నర్సుకి మొదటి అడుగు అంబులెన్స్ రూమే. సేఫ్టీ కోర్సు ఏదైనా చేయాలంటే, అక్కడ ఉద్యోగంలో చేరి, ఏడాది ఆ యంత్రాల మధ్య తిరిగాకే. అప్పటికి ఏ కోర్సు కావాలో మీకే తెలుస్తుంది, కొన్ని కంపెనీలు ఫీజు వాళ్ళే కడతాయి కూడా.

ఆ అమ్మాయికి సోమవారం ఒక ప్లాంటులో ఇంటర్వ్యూ ఉంది. రెండు పనులు చెప్పాను. యాక్సిడెంట్ రిజిస్టరు చూపించమను. ఏళ్ళ తరబడి ఒక్క దెబ్బ కూడా లేదంటే అక్కడ దెబ్బలు తగలడం లేదని కాదు, రాయడం లేదని. రెండోది, కళ్ళు కడుక్కునే ఐ వాష్ దగ్గరికి తీసుకెళ్ళమని అడిగి ఒకసారి తొక్కి చూడు. కంట్లో కెమికల్ పడితే పదిహేను నిమిషాలు ఆ నీళ్ళే దిక్కు. తుప్పు రంగులో వస్తే ఎన్నాళ్ళుగా ఎవరూ తొక్కలేదో అడుగు, వాళ్ళేం సమాధానం చెబుతారో విని నాకు ఫోన్ చెయ్యి.